దక్షిణం వైపు పద్నాలుగు నిమిషాలు

అక్కా,

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, పెద్దదీ, చిన్నాడూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. బావ ఇక్కడ ఎలా ఉన్నాడో మాత్రం ఈసారి రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఉత్తరం కొంచెం పొడుగ్గా ఉంటుంది. పిల్లలు బడికి వెళ్లాక, చేతిలో పని పక్కన పెట్టి చదువు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. లేకపోతే "నేను అడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి" అని దెప్పుతావు. వేళకు తింటున్నానా అన్నావు. తింటున్నాను. ఒక పూట వండి రెండు పూటలా సర్దుకుంటున్నాను. మెడ నొప్పి తగ్గిందా అన్నావు. రోజంతా తల ఎత్తి ఆకాశంలోకి చూసేదానికి మెడ కాక మోకాలు నొప్పి పుడుతుందా? ఈ మధ్య ఎగరేసే పని లేదు కాబట్టి అదీ తగ్గింది. మీ కుట్టు షాపులో కొత్త మిషను నీకివ్వకుండా మొన్న చేరినామెకు ఇచ్చారని బాధపడ్డావు. ఇవ్వనీ. మిషను కొత్తదైనంత మాత్రాన చెయ్యి తిరుగుతుందా? నెల తిరక్కుండా తెగిన దారాలన్నీ నీ దగ్గరికే వస్తాయి చూడు. చిన్నాడికి ముందు పళ్లు రెండూ ఒకేసారి ఊడాయని రాశావు. వాడు "పిన్నీ" అంటే ఇప్పుడు ఎలా వినబడుతుందో ఊహించుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇక చివరి ప్రశ్న. "డ్రోన్ తీసిన బొమ్మ అసలు ఎక్కడ దాగుంటుంది? ఒకసారి చెరిపేస్తే పూర్తిగా పోయినట్టేనా, మళ్లీ ఎవరైనా పైకి తీయగలరా?" అని అడిగావు. దీనికి నింపాదిగా జవాబు చెబుతాను.

డ్రోన్ ముక్కు కింద వేలాడే కెమెరా నా బొటనవేలంత ఉంటుంది. ఎదురుగా ఉన్నదాన్ని అది సెకనుకు ముప్పై బొమ్మలుగా పట్టుకుంటుంది. ఆ ముప్పయ్యీ పూర్తిగా దాచాలంటే ఎంత చోటున్నా చాలదు. అందుకని నువ్వు చేసే పనే అదీ చేస్తుంది. పాత బేరం వస్తే నువ్వు కొలతలన్నీ మళ్లీ తీయవు కదా? పాత కాగితం మీదే "నడుము అరంగుళం వదులు, చెయ్యి పొట్టి" అని మారినంత వరకే రాసుకుంటావు. డ్రోన్ కూడా ఒక బొమ్మను పూర్తిగా ఉంచుకుని, తర్వాత వచ్చేవాటిలో ఏది మారిందో అంత మాత్రమే రాసుకుంటుంది. కాసేపయ్యాక మళ్లీ ఒక పూర్తి బొమ్మ. అలా కుదించినదాన్ని ఎగురుతూనే తన ఒంట్లో ఉన్న మెమరీ కార్డులోకి ఎక్కించేస్తుంది. కార్డు చిటికెనవేలి గోరంత. పొడుగు వీడియో అయితే ఒకే మూటగా కట్టదు. అయిదు నిమిషాలకో ముక్క చొప్పున కోసి, ఒక్కో ముక్కకూ వరసగా ఒక నంబరు వేస్తుంది. ఆ నంబరు అదే వేసుకుంటుంది, మనం వేసేది కాదు.

చెరిపేస్తే పోతుందా అంటే, మీ షాపు అలమరాలో మూటలకు చీటీలు కట్టి ఉంటాయే, అది తలుచుకో. చీటీ పీకేస్తే మూట ఎవరిదో తెలియదు గానీ, మూట అక్కడే ఉంటుంది. చోటు కావలసి వచ్చిన రోజున దాన్ని తీసేసి కొత్తది పెడతారు. కార్డులో చెరపడమంటే చీటీ పీకడమే. పనితనం తెలిసినవాడి చేతిలో పడితే మూట దొరుకుతుంది. ఆ చోట కొత్త వీడియోలు ఎక్కాయా, ఇక బ్రహ్మదేవుడు కూడా తీయలేడు.

ఇంకొక చోటు కూడా ఉంది. పైన ఏం కనబడుతోందో కింద ఉన్న నాకు తెలియాలి కదా. అందుకని డ్రోన్ అదే బొమ్మను పలచన చేసి, గాలిలోనే నా రిమోట్‌కు తగిలించిన ఫోనుకు పంపుతూ ఉంటుంది. ఫోను దాన్ని చూపించి ఊరుకోదు, ఒక నకలు తన దగ్గరా పెట్టుకుంటుంది. మసకగా ఉంటుంది. అయినా బొమ్మ బొమ్మే.

ఇదీ నీ ప్రశ్నకు జవాబు. కానీ అక్కా, నేను ఈ పనిలో చేరి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో అది ఎలా ఎగురుతుందని కూడా నువ్వు ఒక్కసారి అడగలేదు. "ఎవరి నెత్తిన పడేస్తావో, జాగ్రత్త" అనేదానివి, అంతే. అలాంటిదానివి చెరిపేసినవి పైకి వస్తాయా అని ఇప్పుడు అడిగావు. దాని కిందే "సాంకేతిక లోపం వల్ల జరిగినదానికి ఇంట్లోవాళ్లని బజారుకీడ్చకు" అని రాశావు. సాంకేతిక లోపమట! మిక్సీ కాలిపోతే "చచ్చింది" అంటావు నువ్వు. అక్షరాలు నీవే, మాటలు మాత్రం పక్కన నిలబడి చెప్పినవాళ్లవి.

పోయిన ఉత్తరంలో కంగారుగా నాలుగు ముక్కలు రాశాను. మిగతాది నువ్వు బావ నోట వినే ఉంటావు. ఇప్పుడు నా నోట విను.

మా ఆఫీసులో ఉన్నది నలుగురం. తనిఖీ రిపోర్టుల మీద సంతకం పెట్టి, వారం వారం నీ దగ్గరికి వచ్చిపోయే బావ, డ్రోన్ ఎగరేసే నేను, తాళ్లు కట్టుకుని ఎత్తులెక్కే నిచ్చెన, కాగితాలు చూసే టైపిస్టమ్మ. నిచ్చెన అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినబడదు. మనిషి అంత పొడుగు. నన్ను "గాలిపటం" అంటాడు. "గాలిపటం ముందు, నిచ్చెన వెనక" అన్నది అతని మాట. పొగగొట్టమైనా, నీళ్ల ట్యాంకైనా ముందు నేను డ్రోన్‌తో చుట్టూ చూస్తాను. ఎక్కడా పగులు లేదని రిపోర్టు వస్తేనే అతను పైకెక్కుతాడు. "నువ్వు చూశావంటే నా కళ్లు పైకెళ్లి చూసొచ్చినట్టే" అనేవాడు.

ఆ సోమవారం ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం చూడాలి. ఇరవై అంతస్తుల ఎత్తు. సగం పైన దాని చుట్టూ మనిషి నిలబడడానికి ఇనుప జాలీతో ప్లాట్‌ఫారం ఉంది. దాన్ని గోడకు పట్టి ఉంచే బోల్టుల్ని దగ్గరగా తీయాలి. ఉత్తరం వైపు, తూర్పు వైపు అయ్యాక బ్యాటరీ మార్చాను. మళ్లీ పైకి లేపి, దక్షిణం వైపు తిప్పి, బోల్టుల ఎదురుగా గాలిలో నిలబెట్టాను. అంతలో ఒక లారీ, మేము కట్టిన తాడు దాటి సరిగ్గా డ్రోన్ కిందికి వచ్చేసింది. అక్కడ ఎవరూ ఉండకూడదు. "బావా, ఒక్క నిమిషం పట్టుకో" అని రిమోట్ అతని చేతిలో పెట్టి పరుగెత్తాను. లారీ డ్రైవరుకు చెవుడు కాబోలు, వాణ్ని వెనక్కి పంపేసరికి నా గొంతు పోయింది. తిరిగొచ్చేసరికి బావ పక్కన ఫ్యాక్టరీ మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఈ వైపు నేను చూసేశాను. అంతా బాగుంది. పడమర వైపు తిప్పు" అన్నాడు బావ.

తిప్పాను. సాయంత్రం "కాపీ చేసి ఇస్తాను" అని కార్డు తనే తీసుకున్నాడు. మర్నాడు ఖాళీ కార్డు నా చేతిలో పెట్టాడు. మంగళవారం, బుధవారం వేరే చోట్ల అదే కార్డు మీద ఆరుసార్లు ఎగరేశాను.

గురువారం ఉదయం నిచ్చెన పొగగొట్టం ఎక్కాడు. ఎక్కేముందు నా వైపు తిరిగి, "ఏం గాలిపటం, అంతా చూశావా?" అన్నాడు. "రిపోర్టు వచ్చిందిగా అన్నా" అన్నాను. పైకి చేరి అతను ఇంకా తాడు తగిలించుకుంటూనే ఉన్నాడు. దక్షిణం వైపు అడుగు పెట్టగానే ప్లాట్‌ఫారం ఒక పక్కకు ఒరిగిపోయింది. కింద ఇంకో జాలీ అడ్డం ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ చప్పుడు ఎలా ఉందో రాయను. నువ్వు నిద్రపోవాలి.

ఆ మధ్యాహ్నం బావ నన్ను ఆఫీసు వెనక గదిలోకి పిలిచాడు. తలుపు వేసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"దక్షిణం వైపు రికార్డింగ్ లేదు" అన్నాడు.

"లేకపోవడమేమిటి బావా?"

"బ్యాటరీ మార్చాక నువ్వు బటన్ నొక్కలేదు."

"నొక్కాను."

"నొక్కితే ఏదీ? నువ్వే వెతుక్కో."

కంప్యూటర్లో వెతికాను. లేదు. "మరి నువ్వు చూశానన్నావుగా?" అని అడిగాను.

"ఆ ఎండలో ఫోను తెర మీద ఏం కనబడుతుందే? పెద్ద తెర మీద చూద్దామనుకున్నాను. మిగతా వైపులు బాగున్నాయని ఇదీ బాగుంటుందని రిపోర్టు పంపేశాను. అది నా తప్పే. కాదనను. కానీ అసలు తప్పు ఎక్కడ మొదలైందో నీకు తెలుసు." నా భుజం తట్టాడు. "భయపడకు. మరిచిపోయానని ఒక కాగితం రాసివ్వు. మరుపుకు ఉరిశిక్ష వెయ్యరు. నిన్ను కాపాడుకునే పూచీ నాది."

రాసిచ్చాను అక్కా. నమ్మాను కాబట్టి రాసిచ్చాను. నేర్చుకునే రోజుల్లో డ్రోన్‌ను గోడకేసి కొట్టినప్పుడు, తనే కొట్టానని కంపెనీకి చెప్పినవాడు బావ. అలాంటివాడు నా మీదికి అబద్ధం తోస్తాడని కలలోనైనా అనుకుంటానా? నా వేలినే నేను అనుమానించాను. ఇంటికొచ్చి ఆ వేలు చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఒక మనిషి తుంటి విరగ్గొట్టిన వేలు ఇదేగా అని.

పన్నెండు రోజులు పనిలోకి వెళ్లలేదు, ఆసుపత్రికి మాత్రం రోజూ వెళ్లాను. నిచ్చెన భార్య నాకు కుర్చీ వేసేది. అతనైతే, "పోనీలే గాలిపటం, మనిషన్నాక మరుపు ఉంటుంది. నువ్వు కావాలని చేశావా ఏమన్నా?" అన్నాడు. ఆ ఓదార్పు వింటుంటే ప్రాణం పోయినట్టుండేది.

పదమూడో రోజు ఆఫీసుకు వెళ్లాను. ఎగరేసే పని వద్దన్నారు, పాత వీడియోలకు పేర్లు పెట్టమన్నారు. సోమవారం నాటివి పెడుతుంటే నంబర్ల మీద చూపు ఆగింది. తూర్పు వైపు చివరి ముక్క నాలుగు వందల పదకొండు. పడమర వైపు మొదటి ముక్క నాలుగు వందల పదిహేను. మధ్యలో మూడు లేవు. నేను బటన్ నొక్కకపోతే నంబరు కదలదు. మూడు నంబర్లు ఖర్చయ్యాయంటే, రికార్డింగ్ జరిగింది. ఎవరో తీసేశారు. ఆ కార్డు చేతిలో పట్టుకున్నవాళ్లం ఇద్దరమే. ఖాళీ చేసిన కార్డు మీద ఆరుసార్లు కొత్తవి ఎక్కించింది నేను. మిగిలిన ఆ కాస్త గుర్తు కూడా నా చేతులతోనే తుడిపించాడు.

అప్పుడు నా పాత ఫోను గుర్తొచ్చింది. ఆఫీసు ఫోను చెడిపోయి, ఆ రోజు రిమోట్‌కు తగిలించింది నా సొంత ఫోను. ఆ తర్వాతి వారం దాని బ్యాటరీ ఉబ్బితే కొత్తది కొని, దాన్ని సొరుగులో పడేశాను. తీసి చార్జింగ్ పెట్టాను. నకలు ఉంది. పద్నాలుగు నిమిషాలు.

అందులో మాటలూ ఉన్నాయి. డ్రోన్‌కు చెవులుండవు. ఉన్నా రెక్కల మోతలో ఏమీ వినబడదు. ఆ ధైర్యమే బావది. కానీ నేర్చుకునేటప్పుడు నా తప్పులు నేను వినాలని, నకలుతో పాటు ఫోను దగ్గర మాట్లాడే మాటలు కూడా ఎక్కేలా ఎప్పుడో పెట్టుకున్నాను. తీసెయ్యడం మరిచిపోయాను. నా జన్మలో నేను నిజంగా మరిచిపోయింది అదొక్కటే.

లారీ మీద నేను అరుస్తున్న అరుపు దూరంగా వినబడుతుంది. తెర మీద బొమ్మ దగ్గరవుతుంది. దగ్గర చేసింది బావే. నాలుగు బోల్టులుండాల్సిన చోట రెండే ఉన్నాయి. వాటి పక్కన అతుకు చీలి ఉంది.

"ఏమైనా కనబడిందా?" ఇది మేనేజరు గొంతు.

"రెండు బోల్టులు లేవు. అతుకు విడింది. మనిషిని ఎక్కించకూడదు."

"బాగుచేయించడానికి ఈ నెల ఫ్యాక్టరీ ఆపమంటే నా వల్ల కాదు. మీరు కాదంటే ఇంకొకరిని పిలుచుకుంటాం."

బొమ్మ మళ్లీ దూరమవుతుంది. తర్వాత బావ, "సరే, వచ్చే నెల చూద్దాం. రికార్డింగ్ సంగతి నాకు వదిలెయ్యండి" అంటాడు.

"మరి ఆ అమ్మాయి?"

"మా మరదలే. నోరెత్తదు."

ఆ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నిచ్చెన పడింది చూసి ఏడ్చినదాన్ని, ఇది విన్నాక ఏడవలేదు.

ఇది ఎవరికి చెప్పుకోవాలి? అమ్మ పోయాక నాకు జడ వేసినదానివి నువ్వు. నీకే రాశాను. "దొరికింది అక్కా, పాత ఫోనులో ఉంది. ఏం చెయ్యాలో తేల్చుకునేదాకా బావకు చెప్పకు" అని రాసి, చెప్పకు అన్న మాట కింద గీత కూడా గీశాను. ఆ గీత నీకు కనబడకుండా పోయి ఉండదు.

ఉత్తరం వేసిన అయిదో రోజున, ఆదివారం మధ్యాహ్నం, బావ నా గదికి వచ్చాడు. చేతిలో ఆపిల్ పళ్ల సంచీ. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, నెమ్మదిగా అడిగాడు.

"పాత ఫోను ఏదీ?"

"ఏ పాత ఫోను?"

"దాచకు. మీ అక్క అంతా చెప్పింది."

నేను గోడకు ఆనుకున్నాను. బావ చేసినదానికి ఒక్క పక్కే విరిగాను. ఆ మాటతో రెండో పక్కా విరిగింది.

"ఏం చెప్పింది బావా?"

"నీ మనసు బాగాలేదంది. చేతిలో అదొకటి పెట్టుకుని పిచ్చి పని చేస్తావేమోనని భయపడుతోంది. ఇద్దరు పిల్లలున్నారు దానికి. నా ఉద్యోగం పోతే వాళ్ల బతుకేమిటో ఆలోచించావా?"

"నిచ్చెన పిల్లల సంగతి?"

"వాళ్లకు ఏదో చేద్దాం. నేను లేనా?"

సొరుగు తీసి ఫోను అతని చేతిలో పెట్టాను. నా ఎదురుగానే అంతా తుడిచేశాడు. చాలాసేపు పట్టింది. ఇద్దరం ఆ తెరలో తిరిగే గుండ్రం వైపు చూస్తూ కూర్చున్నాం. అయిపోయాక లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, "చిన్నప్పటి నుంచీ తెలివైనదానివి" అన్నాడు. ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అది జరిగిన రెండు రోజులకు నీ ఉత్తరం. చెరిపేసింది మళ్లీ వస్తుందా అని.

నీకు నా మీద ప్రేమ లేదని అనను. నీ స్థితి నాకు తెలియక కాదు. పిల్లల ఫీజులూ, ఇంటద్దే కాదు, పదేళ్లుగా పక్కన పడుకున్న మనిషిని ఇంత చేశాడని ఒప్పుకోవడం ఎంత కష్టం! కానీ అక్కా, ఒక్క మాట నాకు రాయాల్సింది. "చెప్పకుండా ఉండలేను, నన్ను నమ్మకు" అని ఒక్క ముక్క రాసినా, నేను సిద్ధపడి, తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసేదాన్ని. నువ్వు నన్ను ఏమీ తెలియనిదానిలా కూర్చోబెట్టి, అతన్ని నా గదికి పంపావు. బావ నన్ను మోసం చేస్తే బావ పోయాడనుకున్నాను. నువ్వు చేస్తే ఎవరు పోయారనుకోవాలి?

ఇప్పుడు నీకు ఇంతదాకా రాయనిది రాస్తాను.

ఫోనులో ఉన్నది పోయింది. అది ఒక్కటే కాదు ఉన్నది. నకలు దొరికిన రోజునే దాన్ని ఇంకో కార్డులోకి ఎక్కించి, టైపిస్టమ్మ చేతికిచ్చి, "ఏమీ అడగకుండా దాచిపెట్టండి" అన్నాను. ఆవిడ నిజంగానే ఏమీ అడగలేదు. ఆ తర్వాతే నీకు ఉత్తరం రాశాను. ఫోను సంగతి రాశాను గానీ, కార్డు సంగతి రాయలేదు. "నిన్ను తప్ప ఎవరినీ నమ్మను" అని రాసిన చెయ్యే, ఆ ఒక్క ముక్కా దాచుకుంది. అంటే నువ్వు చెప్పేస్తావని నాలో ఎక్కడో ముందే అనుకున్నానన్నమాట. నీ మీద పూర్తి నమ్మకం ఉన్నదానిలా నటించాను. నువ్వు నన్ను నమ్మించి చెప్పేశావు, నేను నమ్మినట్టు రాసి దాచాను. ఇందులో నువ్వు నన్ను తిట్టవలసింది ఏమైనా ఉంటే, ఆ వంతు నాది.

నీ ఉత్తరం చదివిన మర్నాడు ఆ కార్డు తీసుకెళ్లి కార్మిక భద్రతా కార్యాలయంలో ఇచ్చాను. మూడు నంబర్లు లేని ఫైళ్ల వరస కూడా ప్రింటు తీసి ఇచ్చాను. అక్కడి అధికారిణి పద్నాలుగు నిమిషాలూ కదలకుండా చూసింది. శనివారం అందరినీ పిలిపించింది. బావ, మేనేజరు, నేను. గది చిన్నది, మోకాళ్లు తగిలేలా కూర్చున్నాం. వీడియో పెట్టేముందు బావ నా వైపు చూసి, "ఏం భయపడకు" అన్నట్టు తలాడించాడు. ఫోను తుడిచేశాడు కదా, తన లెక్క తనది. బొమ్మ దగ్గరవడం మొదలవగానే ఆ తలాడించడం ఆగిపోయింది. తన గొంతు తనే విన్నాడు. "నోరెత్తదు" అన్నచోట అధికారిణి ఆపి, అడిగింది.

"ఇది మీ గొంతేనా?"

మేనేజరు కిటికీ వైపు తిరిగాడు. బావ నన్నే చూశాడు.

"మీ అక్క మొహం ఎలా చూస్తావే?"

"నేను ఎలాగో చూసుకుంటాను. నువ్వు నిచ్చెన మొహం చూడు" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడింది అదొక్కటే. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను.

విచారణ ముగిసేదాకా బావ ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టడానికి వీల్లేదు. నేను రాసిచ్చిన కాగితం చెల్లదన్నారు. గాల్లో ఉన్న డ్రోన్‌ను వదిలి వెళ్లినందుకు నన్నూ ఆరు నెలలు ఎగరేయొద్దన్నారు. న్యాయమే, నేను వాదించలేదు. నిచ్చెన వైద్యమూ, జీతమూ ఫ్యాక్టరీయే చూడాలని తాత్కాలికంగా ఆర్డరు వచ్చింది. బావ ఈ వారం ఇంటికి వస్తాడు. అతను చెప్పేది కూడా విను. నీ ఇంటి తలుపు ఎవరికి తియ్యాలో, ఎవరికి మూయాలో నేను చెప్పను.

ఇంకొకటి మిగిలింది. ఇది రాయడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

నకలు దొరికిన రోజుకూ, నిచ్చెనకు చెప్పిన రోజుకూ మధ్య పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నాను. పళ్లు తొక్క తీసి పెడుతూనే ఉన్నాను. అతను "మరుపుదేముందిలే" అని నన్ను ఓదారుస్తుంటే తల ఊపుతూనే ఉన్నాను. నోటి దాకా వచ్చేది. నువ్వూ, పిల్లలూ కళ్లముందు కనబడేవారు. మింగేసేదాన్ని. మొన్న ఆదివారం వెళ్లి అంతా చెప్పేశాను. బోల్టుల సంగతీ, బావ సంగతీ, నా సంగతీ.

నిచ్చెన చేతిలోని పండు ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"మీ బావ చేసింది వింటే నాకు పెద్ద ఆశ్చర్యమేమీ లేదు" అన్నాడు. "నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులన్నా."

"పదకొండు రోజులు నా పక్కన కూర్చున్నావు."

"అక్క కాపురం…"

"నాకూ కాపురముంది" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. తల గోడవైపు తిప్పుకుని, "రేపటి నుంచి రాకు, గాలిపటం" అన్నాడు. అతని భార్య నేను కూర్చున్న కుర్చీని నెమ్మదిగా పక్కకు జరిపింది.

కాబట్టి అక్కా, నమ్మినవాళ్లు చేసింది ఎలా ఉంటుందో నాకు తెలుసు. నమ్మినవాళ్లకు చేసింది ఎలా ఉంటుందో కూడా తెలిసింది. రెండోది ఇంకా బరువుగా ఉంది. నువ్వు ఇప్పుడు దాన్ని మోస్తూ ఉంటే, ఎంత బరువో నేను ఊహించుకోగలను. అంత మాత్రాన నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. ఉత్తరం మొదలు పెట్టినప్పుడు ఎంత ఉందో, ఇక్కడికి వచ్చేసరికీ అంతే ఉంది.

నిచ్చెన రావద్దన్నా నిన్న వెళ్లాను. గది బయట బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఇవాళా వెళ్తాను, రేపూ వెళ్తాను. అతను పిలిచేదాకా అక్కడే కూర్చుంటాను, పిలవకపోయినా కూర్చుంటాను.

నువ్వు కూడా ఎప్పుడైనా ఇక్కడికి రావాలనుకుంటే రా. తలుపు తీసి లోపలికి పిలుస్తానని ఇవాళ మాట ఇవ్వలేను. బయట కూర్చోవలసి రావచ్చు. అయినా రా.

పిల్లలిద్దరికీ ముద్దులు. వాళ్లకు ఇందులో ఒక్క ముక్కా చదివి వినిపించకు.

ఇట్లు,
ఇప్పటికీ నీ చెల్లెలు